గచ్చిబౌలి బండల వైపు రాత్రిపూట ‘చక్ చక్ చక్‌ర్‌ర్’ అని వినిపించేది ఏమిటి?

అది నైట్‌జార్ అనే, పురుగులు తినే రాత్రిపిట్ట కూత. మగపిట్ట తన హద్దును చాటడానికి, జోడును పిలవడానికి మునిమాపువేళ, మళ్లీ తెల్లవారుజామున కూస్తుంది. గచ్చు మీద వదిలిన పింగ్‌పాంగ్ బంతి ఆగిపోయే ముందు దాని చప్పుళ్లు దగ్గరవుతూ పోతాయి కదా, కూత సరిగ్గా అలాగే ఉంటుంది. వినిపించినంత సులభంగా కనిపించదు. ఎండుటాకు, మట్టి, రాయి కలిపి చల్లినట్టుండే ఈకలతో పగలంతా నేల మీదే కదలకుండా ఉంటుంది. ఉదాహరణకు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలాంటి చోట్ల బండల మధ్య తుప్పల్లో కూర్చుంటే, నాలుగడుగుల దూరం నుంచి కూడా ఆకుల కుప్పే అనిపిస్తుంది. గూడు కూడా కట్టదు. గుడ్లు, సాధారణంగా 2, ఉత్త నేల మీదే పెడుతుంది. దీన్ని గుడ్లగూబగా పొరబడి అపశకునం అంటారు, పాపం. గుడ్లగూబ వేరు, ఇది వేరు. దీనికి కావలసిందల్లా చిమ్మటలు, పేడపురుగులు.