చిరకాల మిత్రుడా, చిరుకాల మిత్రుడా?

సందేహం: మాతో ముప్పై ఏళ్లు పనిచేసిన ఒకాయన వచ్చే వారం రిటైరవుతున్నారు. సన్మాన పత్రంలో 'మా చిరుకాల మిత్రుడు' అని అచ్చయింది. తప్పని ఒకరు, రెండూ ఒకటేనని ఇంకొకరు అంటున్నారు. 'దీర్ఘకాలిక మిత్రుడు' అంటే గొడవే ఉండదు కదా అని మరొకరి సలహా. ఏది సరైనది? ఈ అర్థంలో మామూలుగా వాడే మాటలు ఇంకేమున్నాయి?

సమాధానం: 'చిరకాల మిత్రుడు' సరైనది. 'చిరుకాల' అన్నదాన్ని అచ్చుతప్పే కదా అని వదిలేయకండి, ఆ ఒక్క కొమ్ముతో అర్థం తిరగబడింది. చిర సంస్కృత పదం, చాలాకాలం అని అర్థం. చిరు తెలుగు మాట. చిన్న, కొద్ది అని అర్థం: చిరునవ్వు, చిరుజల్లు, చిరుతిండి. ముప్పై ఏళ్లు పక్క టేబుల్ దగ్గర కూర్చున్న మనిషిని ఆ పత్రం నాలుగు రోజుల పరిచయస్తుణ్ని చేసేసింది.

పాత రాతలో ఈ చిక్కు తక్కువ. తెలుగు మాటను బండి ఱతో 'చిఱు' అనీ, సంస్కృత పదాన్ని మామూలు రతో 'చిర' అనీ రాసేవారు. బండి ఱ వాడుక పోయాక రెండింటికీ మధ్య మిగిలింది ఒక్క కొమ్మే. ఫ్లెక్సీల మీద 'చిరుస్మరణీయుడు' అని చూసినప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. పోయినవారిని కాసేపే తలచుకుంటామని చెప్పినట్టు కదా అది! (చిరునామాలోని చిరుకు మాత్రం ఈ రెండింటితోనూ చుట్టరికం లేదు, అది పారసీ నుంచి వచ్చిన మాట.)

ఇక దీర్ఘకాలిక సంగతి. నిఘంటువులో చూస్తే చిరకాలానికీ దీర్ఘకాలానికీ పెద్ద తేడా కనిపించదు. తేడా వాడుకలో ఉంది. దీర్ఘ అంటే పొడవు. అది ఆకారానికీ చెల్లుతుంది, అక్షరానికీ చెల్లుతుంది: దీర్ఘచతురస్రం, దీర్ఘాక్షరం. చిర ఒక్క కాలానికే. నేను గమనించినంతలో, లెక్కగట్టే వాటికి దీర్ఘకాలిక వాడతాం: రుణం, సెలవు, ప్రణాళిక, వ్యాధి. మనసు పెట్టుకున్న వాటికి చిరకాల: మిత్రుడు, కోరిక, కల. పోటీ కూడా మనసుదే. క్రికెట్ వార్తల్లో పాకిస్థాన్ మనకు 'చిరకాల ప్రత్యర్థి'. దీర్ఘకాలిక ప్రత్యర్థి అని ఎవరూ రాయరు. 'దీర్ఘకాలిక మిత్రుడు' వ్యాకరణానికి తప్పేం కాదు గానీ, వినగానే అప్పో జబ్బో గుర్తొస్తుంది.

సుదీర్ఘ అన్నది ఒక్క ఊపున సాగే ప్రసంగానికో, చర్చకో, ప్రయాణానికో బాగుంటుంది. శాశ్వత, నిరంతర అన్నవాటిని ఈ గుంపులో కలపకండి. శాశ్వతం ఎప్పటికీ పోనిది, నిరంతరం మధ్యలో తెగనిది.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇవేవీ నోటికి రావు. ఎప్పట్నుంచో ఉన్న నొప్పి, ఏళ్లుగా నడుస్తున్న కేసు, మొండి జబ్బు, చిన్ననాటి స్నేహితుడు, తాతల నాటి ఇల్లు అంటాం. ఉన్న, నడుస్తున్న లాంటి క్రియారూపమో, 'నాటి' అన్న చిన్న మాటో ఆ పని చేసిపెడుతుంది. ఒక్క జాగ్రత్త: 'ఏళ్ల తరబడి' క్రియతో కలుస్తుంది, నామంతో కలవదు. 'ఏళ్ల తరబడి తిరుగుతున్నాం' సరే. 'ఏళ్ల తరబడి సమస్య' అతకదు, 'ఏళ్ల నాటి సమస్య' అనాలి.

ఈ 'నాటి' నాకు చాలా ఇష్టమైన మాట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తాక, మా వైపు పెద్దవాళ్లు చాలాకాలం ఏ సంగతి చెప్పినా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే చెప్పేవారు. మా ఇంట్లో ఒక ఇనప బీరువా ఉండేది. దాని తలుపు మీద మోకాలెత్తున అడ్డంగా తుప్పు గీత. అమ్మ దాన్ని పాత బీరువా అనేది కాదు, 'ఉప్పెన నాటి బీరువా' అనేది. ఎన్నేళ్లదో మళ్లీ అడగక్కర్లేదు. నీళ్లు ఎంతెత్తు వచ్చాయో ఆ తుప్పు గీతే చెప్పేది.

మీ పత్రం ఇంకా ఫ్రేమ్ కట్టించలేదంటే, ఆ కొమ్ము తీయించి మళ్లీ ప్రింట్ చేయించండి. నన్నడిగితే 'మా ముప్పై ఏళ్ల నేస్తం' అని రాయించమంటాను.