టెక్ సందేహాలు: సెన్సర్ తెగితే హీటర్ ఆగాలి

చలికాలంలో హీటర్ ఆగలేదని రాస్తారు, ఎండాకాలంలో కంప్రెసర్ ఆగలేదని రాస్తారు. పాత ఫ్రిజ్‌ని పులియబెట్టే పెట్టెగా మార్చుకున్నవాళ్ల నుంచి ఏడాది పొడవునా ఇవే ఉత్తరాలు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు, వేడి కొలిచే సెన్సర్, బోర్డు చెప్పినట్టు కరెంటు వేసి ఆపే స్విచ్, అంటే రిలే, ఒక్క పూటలో దొరుకుతాయి. వీడియో చూసి సాయంత్రానికల్లా బిగించేస్తారు. అది తప్పుగా పని చేసే రోజు గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు.

సమాధానాలకు ముందు ఒక మాట. కొందరు ఇంట్లో బీర్ కాచడానికే ఈ ఏర్పాటు చేస్తున్నామని రాశారు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల బీర్ పన్ను లేకుండా సొంతానికి కాచుకోవచ్చు. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇక్కడా అంతే అనుకుంటున్నారు. ఇక్కడ తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ఉంది. లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేస్తే నేరం. కాబట్టి నేను చెప్పేది పరికరం గురించే. కొంబుచా అనే పులిసిన టీకి, వెనిగర్‌కి, చలికాలంలో పులవని ఇడ్లీ పిండికి ఇదే ఏర్పాటు పనికొస్తుంది.

కొంబుచా కోసం పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌కి వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు, డీఎస్18బీ20 సెన్సర్, రెండు రిలేలు పెట్టాను. ఒక రిలే కంప్రెసర్‌కి, ఇంకోటి హీటింగ్ ప్యాడ్‌కి. 26 డిగ్రీలకు సెట్ చేశాను. జనవరిలో ఒక రాత్రి హీటర్ ఆగకుండా నడిచింది. పొద్దున చూస్తే జాడీ ముట్టుకోలేనంత వేడిగా ఉంది. గ్రాఫ్‌లో −127 అని కనిపిస్తోంది. సెన్సర్ పాడైందా? (కూకట్‌పల్లి నుంచి)

సెన్సర్ బాగానే ఉండొచ్చు. −127 అనేది ఉష్ణోగ్రత కాదు. సెన్సర్ నుంచి జవాబు రానప్పుడు దాని లైబ్రరీ, అంటే సెన్సర్‌ని చదివే రెడీమేడ్ కోడ్, ఇచ్చే గుర్తు అది. మీ ప్రోగ్రాం దాన్ని నిజం ఉష్ణోగ్రత అనుకుంది. 26 కావాల్సిన చోట −127 ఉందంటే హీటర్ వేయాల్సిందే కదా అని వేసి, తెల్లవార్లూ అలాగే ఉంచింది. ఇలాంటిదే ఇంకో అంకె 85. కరెంటు పోయి వచ్చినప్పుడు, ఇంకా కొలత తీసుకోక ముందే అడిగితే ఈ చిప్ చెప్పే అంకె అది. అప్పుడు కంప్రెసర్ అనవసరంగా మొదలవుతుంది.

ఈ నెలలో వచ్చిన ఉత్తరాల్లో ఇది మూడోది. ముగ్గురూ పంపిన కోడ్ దాదాపు ఒకటే, ఎక్కడో చూసి ఎత్తి రాసుకున్నది. ఉష్ణోగ్రత తక్కువైతే హీటర్, ఎక్కువైతే కంప్రెసర్. అంతకు మించి ఒక్క లైను లేదు. దీన్ని నేర్పినవాళ్ల మీద నాకు కోపంగా ఉంది. చూసేవాళ్లు దీన్ని 230 వోల్టులకు కలుపుతారని తెలిసి కూడా, సెన్సర్ తెగితే ఏమవుతుందో ఒక్క మాట చెప్పలేదు.

మీరు చేయాల్సింది ఇది. కొలత 0 కంటే తక్కువ వచ్చినా, 50 కంటే ఎక్కువ వచ్చినా, సరిగ్గా 85 వచ్చినా, నిమిషం పాటు కొత్త కొలత రాకపోయినా రెండు రిలేలూ ఆగిపోవాలి. అనుమానం వస్తే ఆపేయడమే దాని మొదటి పని కావాలి. ఆ తర్వాత వైరింగ్ చూడండి. డేటా తీగకీ పాజిటివ్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందా? అతుకు దగ్గర తడి చేరిందా? ఫ్రిజ్ లోపల చెమ్మ ఉంటుంది, టేపు చుట్టిన అతుకు నాలుగు నెలలు కూడా ఆగదు.

కోడ్ సరిచేశాక కూడా ఒక ప్రమాదం మిగులుతుంది. రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే, బోర్డు ఆపమన్నా హీటర్ ఆగదు. అందుకని హీటర్ తీగలో, కరెంటు దాని గుండానే వెళ్లేలా, ఒక బైమెటల్ స్విచ్ పెట్టండి, 45 డిగ్రీలది. ఇస్త్రీ పెట్టెలో ఉండే సూత్రమే. వేడి హద్దు దాటితే తనంతట తానే తెగుతుంది. దానికి వైఫై అక్కర్లేదు, కోడ్ అక్కర్లేదు. చాలా చవక. అది లేని హీటర్‌ని పెట్టి రాత్రి నిద్రపోకండి.

కంప్రెసర్ రెండు నిమిషాలకోసారి ఆన్, ఆఫ్ అవుతోంది. సెన్సర్ ఫ్రిజ్ మధ్యలో వేలాడుతోంది. (మల్కాజిగిరి నుంచి)

సెన్సర్ వేలాడకూడదు. జాడీ పక్కకి ఆనించి, పైన ఫోమ్ ముక్క పెట్టి టేపు చుట్టండి. మనకు కావాల్సింది గాలి ఉష్ణోగ్రత కాదు, ద్రవానిది. బీర్ కాచేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఈస్ట్ జోరుగా పని చేసే మొదటి రోజుల్లో ద్రవం చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది. అలాగే కంప్రెసర్ ఆగాక మళ్లీ వేయడానికి కనీసం ఐదు నిమిషాల విరామం పెట్టండి. లోపలి ప్రెషర్ తగ్గకముందే మొదలు పెడితే మోటార్ ముందుకు కదలలేక కాలిపోవచ్చు.

డాలస్‌లో బీర్ కాచుకునేటప్పుడు వాడిన 1500 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చుకున్నాను. ప్లగ్ అడాప్టర్ పెడితే చాలా? నీళ్లు, టీ డికాక్షన్ కాచుకోవడానికే. (మణికొండ నుంచి)

చాలదు, పెట్టకండి. అడాప్టర్ పిన్నులనే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. 120 వోల్టులకు చేసిన ఎలిమెంట్‌కి 230 ఇస్తే 1500 వాట్లు కాస్తా 5,500 వాట్లు అవుతాయి. సుమారు 24 ఆంపియర్లు. మన ఇళ్లలో పెద్ద సాకెట్ కూడా 16 ఆంపియర్లదే. రాణిగంజ్‌లో 230 వోల్టుల ఎలిమెంట్ కొని మార్పించుకోండి. ఎర్త్ తీగ గిన్నెకి కచ్చితంగా తగలాలి. మీటర్ దగ్గర ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందో లేదో కూడా చూడండి. లోడ్ ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ తీగల్ని కాపాడుతుంది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. తడి చేతులతో పని చేసే చోట అది లేకపోతే ముందు అది పెట్టించండి, కెటిల్ సంగతి తర్వాత.

ఆఫీసు నుంచి జాడీ ఉష్ణోగ్రత చూసుకోవడానికి రూటర్‌లో పోర్ట్, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి, ఓపెన్ చేశాను. పాస్‌వర్డ్ పెట్టలేదు. జాడీ వేడి తెలుసుకుని ఎవరేం చేసుకుంటారు? (హైటెక్ సిటీ నుంచి)

ఈ ఉత్తరం చదివాక నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. మీరు తెరిచి పెట్టింది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. అదే పేజీలో హీటర్ బటన్ కూడా ఉంది. ఎవరూ లేని ఇంట్లో 230 వోల్టుల స్విచ్‌ని ప్రపంచం చేతికి ఇచ్చారు.

మిమ్మల్ని ఎవరో పనిగట్టుకుని వెతకరు. తెరిచి ఉన్న పోర్టుల కోసం యంత్రాలే రాత్రింబవళ్లు ఇంటర్నెట్ అంతా జల్లెడ పడుతుంటాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాగే తిరిగి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్నీ రూటర్లనీ పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటన్నిటినీ వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే (డీఎన్ఎస్) డైన్ అనే సంస్థ మీదకి తోలితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తడబడ్డాయి. మీ బోర్డు ఆ వైరస్‌కి లొంగే రకం కాదు. కానీ దాని ప్రమాదం దానికుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫర్మ్‌వేర్, అంటే బోర్డులో నడిచే ప్రోగ్రాం, అప్‌డేట్ చేసే పేజీ కూడా తెరిచే ఉంది. దాని ద్వారా ఎవరైనా తమ ప్రోగ్రాం ఎక్కించొచ్చు. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఆ చిప్‌లోనే, తాళం లేకుండా ఉంటుంది. అది చేజిక్కితే తర్వాతి గురి మీ ల్యాప్‌టాప్, అందులోని ఆఫీసు ఫైళ్లు.

ఈరోజే పోర్ట్ మూసేయండి. రూటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపండి, లేకపోతే పరికరాలు మీకు చెప్పకుండా పోర్టులు తెరుచుకుంటాయి. బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే తాళం ఉన్న సొంత దారి, పెట్టుకుని ముందు ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, తర్వాత పేజీ తెరవండి. బోర్డుని గెస్ట్ వైఫైకి మార్చండి. అప్‌డేట్ పేజీకి పాస్‌వర్డ్ పెట్టండి. మీలా పోర్ట్ తెరవకుండా, అందరికీ ఉచితంగా ఉన్న పరీక్షా ఎంక్యూటీటీ సర్వర్ (ఇలాంటి పరికరాల మధ్య సందేశాలు చేరవేసేది) ద్వారా నడిపేవాళ్లకీ ఇదే చెబుతున్నాను. మీ సందేశాలు వెళ్లే టాపిక్ పేరు తెలిసిన ఎవరైనా అందులో చదవొచ్చు, హీటర్ వేయమని ఆదేశం కూడా పంపొచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్ కొంటే పోలేదా అని అడుగుతారు. నేనూ కొన్నాను. మొదట్లో ఇంటి వైఫైలోనే పని చేసేది. ఒక అప్‌డేట్ తర్వాత లాగిన్ తప్పనిసరి చేశారు. ఓ ఆదివారం వాళ్ల సర్వర్ పడిపోయి, పక్క గదిలో ఉన్న ప్లగ్‌ని ఫోన్‌తో ఆపలేకపోయాను, లేచి వెళ్లి పీకాల్సి వచ్చింది. ఆ యాప్ నా కాంటాక్టులు కూడా అడుగుతోంది. హీటర్ ఆపడానికి మా మేనమామ నంబర్ ఎందుకు? డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఉన్న సౌకర్యాన్ని అప్‌డేట్ పేరుతో లాక్కోవడం నాకు మోసంలాగే అనిపిస్తుంది. కొనేముందు ఒక్కటే అడగండి: ఇంటర్నెట్ పోతే ఇది పని చేస్తుందా? షాపువాడు నసిగితే తీసుకోకండి.

ఫ్రిజ్ తలుపు వేస్తే బోర్డుకి వైఫై పోతోంది. పక్క గోడకి రంధ్రం చేసి యాంటెన్నా బయటికి తీయనా? (సైనిక్‌పురి నుంచి)

వద్దు. ఇనుప పెట్టెలో సిగ్నల్ పోవడం మామూలే. కానీ చాలా ఫ్రిజ్‌లలో పక్క గోడల లోపలే గ్యాస్ గొట్టాలు ఉంటాయి. ఈ మధ్య వచ్చినవాటిలో ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్, అంటుకునే గ్యాస్. డ్రిల్ గొట్టానికి తగిలి, పక్కనే రిలే నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఊహించండి. బోర్డు, రిలేలు రెండూ బయట పెట్టండి. సెన్సర్ తీగ సన్నగా ఉంటుంది కాబట్టి తలుపు రబ్బరు కింద నుంచి లోపలికి పోతుంది. హీటింగ్ ప్యాడ్ తీగ లావుగా ఉంటే బల్బు హోల్డర్ దగ్గర ఇదివరకే ఉన్న దారి వాడుకోండి, అదీ ప్లగ్ పీకి, మెకానిక్‌ని పక్కన పెట్టుకుని.