ఆ ఏపీకే వద్దు, మీ పీడీఎఫ్ కూడా వద్దు

ప్రశ్న: మా తొమ్మిదో తరగతిలో చూపు బాగా తక్కువున్న అమ్మాయి ఉంది. లెక్కల నోట్సు పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. వాళ్లమ్మ ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సౌకర్యం) ఆన్ చేసినా ఏమీ చదవడం లేదు. 'ఏ పేజీనైనా తెలుగులో చదివి వినిపిస్తుంది' అంటూ టీచర్ల గ్రూపులో ఓ ఏపీకే ఫైల్ (ప్లేస్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్) వచ్చింది. వేయించమంటారా?
– గణితం టీచర్, విజయనగరం జిల్లా

జవాబు: వద్దు. ఈ నెలలో ఇదే ప్రశ్న నాలుగోసారి. అందుకే ముందు ఏపీకే సంగతే చెబుతాను.

ఇలాంటి యాప్ తెరవగానే 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతుంది. అది ఇస్తే తెర మీద ఉన్నదంతా చదవగలదు, మనం వేలు పెట్టకుండానే బటన్లు నొక్కగలదు. చూపు లేనివాళ్లకు ఫోన్ పనికొచ్చేది ఈ రెండింటి వల్లే. ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లకు కావలసినవీ ఈ రెండే. ఓటీపీ వస్తే చదివేస్తాయి. అనుమానమొచ్చి తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే, 'బ్యాక్' అవే నొక్కి మిమ్మల్ని బయటికి తోసేస్తాయి. పైగా అది అమ్మ ఫోన్ అంటున్నారు. యూపీఐ ఉండేదీ అందులోనేగా! ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకు ఈ అనుమతి ఇవ్వబోతే 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని ఫోనే అడ్డుపడుతోంది. ఆ అడ్డు ఎలా తీసేయాలో నేర్పే వీడియోలకు మాత్రం కొదవలేదు! పాత ఫోన్లలో ఆ అడ్డు కూడా ఉండదు. ఇప్పటికే వేసేసి ఉంటే నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లోకి (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) వెళ్లి తీసేయండి. డబ్బు పోయిందా, క్షణం ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ పీడీఎఫ్. ఒక వాక్యం మీద వేలు నొక్కిపట్టండి. మాట ఎంపిక కాలేదంటే అది ఫొటో, టాక్‌బ్యాక్‌కు అందులో అక్షరమే లేదు. మాట ఎంపికై, వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం వచ్చిందంటే పాత డీటీపీ ఫాంట్ అన్నమాట, అంటే ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగింది. ప్రతి భాష అక్షరాన్నీ ఏ ఫోనైనా గుర్తుపట్టేలా చేసే యూనికోడ్‌లోకి తెలుగు వచ్చింది 1991లో. ఇన్నేళ్లయినా ప్రశ్నపత్రాలు ఆ ఫాంట్లలోనే కొడుతుంటే తప్పు ఆ పిల్ల ఫోన్‌దా? ఫైల్‌ను డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అచ్చు తెలుగైతే చాలావరకు అక్షరాలుగా మారుతుంది. చేతిరాతను నమ్ముకోవద్దు. పాఠ్యపుస్తకం పేజీలను ఇలా మార్చివ్వడానికి కాపీరైట్ భయం అక్కర్లేదు. వికలాంగుల కోసం అందుబాటు రూపంలోకి మార్చడాన్ని కాపీరైట్ చట్టానికి చేసిన 2012 సవరణ అనుమతించింది.

అక్షరాలున్నా మౌనంగా ఉంటే టెక్స్ట్ టు స్పీచ్‌లో (అక్షరాలను మాటలుగా పలికించే సెట్టింగ్) తెలుగు గొంతు దించారో లేదో చూడండి. ఇంగ్లిష్ గొంతు తెలుగును చప్పుడు చేయకుండా దాటేస్తుంటుంది. ఆ సెట్టింగ్ ఎక్కడుందో దారి చెబుదామంటే, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అది అద్దెకున్నవాడిలా ఇల్లు మారుస్తోంది! సెట్టింగ్స్‌లో వెతుక్కోక తప్పదు. కళ్లున్నవాళ్లకే దొరకని చోట దాన్ని పెట్టినవాడికి దండం.

మీది లెక్కలు కాబట్టి ఇంకో మాట. x స్క్వేర్‌ను x2 అని టైప్ చేస్తే ఫోన్ 'ఎక్స్ టూ' అంటుంది. పిల్ల రెండు x లనుకుంటే ఆమె తప్పు కాదు. సమీకరణాలకు మీ గొంతే మేలు. అలాగే బోర్డు ముందు 'ఇది అటు తీసుకెళ్తే ఇలా వస్తుంది' అంటుంటాం చూడండి, ఆ 'ఇది', 'అటు', 'ఇలా' ఏమిటో ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు? తరగతి గదుల్లోకి కొత్తగా వచ్చిన పెద్ద తెరల ముందు ఈ అలవాటు ఇంకా ముదిరింది. తెర వెలుగుతోంది కదా, నోటితో చెప్పడమెందుకు అన్నట్టుంది వరస! 'మైనస్ 5ను కుడివైపు తీసుకెళ్తే ప్లస్ 5' అనడానికి ఏ యాప్ కావాలి?

వాయిస్ మెసేజ్ పంపేటప్పుడు లెక్కకొకటి చొప్పున పంపండి, ముందుగా లెక్క నంబరు చెప్పండి. పావుగంట రికార్డింగ్‌లో ఏడో లెక్క ఎక్కడుందో వెతకడం చూపున్నవాళ్లకీ నరకమే.