పీయూసీతోనే పోలీసులో చేరాలా? మేనల్లుడికి ఒక ఉత్తరం

కృష్ణరాజపురం, బెంగళూరు.

చిరంజీవి మురళికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డిగ్రీ లేనివారిని పోలీసు శాఖలో చేర్చుకోకూడదన్న విషయం మీద మీ కాలేజీలో వాదోపవాదాలు జరిగాయని, వాటిని విన్నప్పటి నుంచి బీకాం పూర్తయ్యాకే కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రయత్నించాలా, పీయూసీ (ఇంటర్) మార్కులతో ఇప్పుడే దరఖాస్తు పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నావని రాశావు. 1983లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి) మార్కుల పట్టిక పట్టుకుని చేరి, 2023లో ఏఎస్‌ఐగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక నా మాటల్లో నా వర్గం మీది అభిమానం కొంత ఉంటుంది. ఆ మేరకు తీసివేసి చదువుకో.

నిబంధనల సంగతి నీకు తెలిసిందే. మన కర్ణాటకలో సివిల్ కానిస్టేబుల్‌కు పీయూసీ, సాయుధ దళంలో కానిస్టేబుల్‌కు ఎస్‌ఎస్‌ఎల్‌సీ, ఎస్‌ఐకి డిగ్రీ ఉండాలి. శ్రీనివాసపురం దాటి ఆంధ్రలోకి వెళితే కానిస్టేబుల్‌కు ఇంటర్ అడుగుతారు. తమిళనాడులో పదో తరగతి చాలు. కానిస్టేబుల్‌కు కూడా డిగ్రీ ఉండి తీరాలనడం నాకు సమ్మతం కాదు. అయితే అలా అడిగేవారి ఆవేదనలో నిజం లేదని మాత్రం అనలేను.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక దొంగతనం కేసులో బంగారు గొలుసు దొరికితే మహజరు, అంటే సాక్షుల ఎదుట స్వాధీనం చేసుకున్నట్లు రాసే పత్రం, నేనే రాశాను. గొలుసు బరువు రాశాను కానీ, దాన్ని ఎవరు తూచారో, ఏ వేళకు తూచారో రాయలేదు. సాక్షులైన పంచాయతీదారుల సంతకాలు గొలుసు దొరికిన చోట కాకుండా ఠాణాకు వచ్చాక తీసుకున్నాను. రెండేళ్ల తర్వాత బోనులో నిలబడినప్పుడు డిఫెన్సు వకీలు ఆ రెండు విషయాలే అడిగాడు, కేసు కొట్టేశారు. సొమ్ము పోగొట్టుకున్న ఆమె కోర్టు వరండాలో నన్ను చూసి తల తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు మహజరు రాయడం నేర్పింది ఏడో తరగతితో చదువు ఆపేసిన ఒక హెడ్ కానిస్టేబుల్. కంటితో చూసింది ముందు రాయి, చెవితో విన్నది ఎవరు చెప్పారో పేరుతో సహా తర్వాత రాయి, నీ మనసుకు తోచింది మాత్రం రాయకు అనేవాడాయన. ఆయన రాసిన కాగితాల్లో వకీళ్లకు సందు దొరికేది కాదు.

ఆ రోజుల కంటే నేడు ఈ పని బరువెక్కింది. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమలులోకి వచ్చాయి. వాటిలో దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. అదే చట్టం 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలి. ఇక బెంగళూరు ఠాణాకు వచ్చే ఫిర్యాదుల్లో యూపీఐ మోసాలు ఎన్నో చెప్పనక్కరలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి భయంతో వణుకుతున్న మనిషికి వెంటనే సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోన్ చేయించాలని బల్ల దగ్గర కూర్చున్న కానిస్టేబుల్‌కు తోచకపోతే, డబ్బు ఆలోపు నాలుగు ఖాతాలు మారిపోతుంది. ఇంత పనికి చదువు అక్కరలేదని ఎవరంటారు?

కానీ ఆ చదువు డిగ్రీ కాగితంతో వచ్చేస్తుందా అన్నది నా సందేహం. నా చివరి పదేళ్లలో బీఏ, బీకాం, ఇంజనీరింగు చదివిన పిల్లలు కూడా కానిస్టేబుళ్లుగా వచ్చారు. వారిలో చురుకైనవారు ఉన్నారు. ఒక ముసలామె చెప్పుకున్న గోడును ఒక పేజీలో వరసగా రాయలేనివారూ ఉన్నారు. బాగా చదివినవారు చాలామంది బందోబస్తు డ్యూటీలోనే బ్యాంకు పరీక్షల పుస్తకాలు తిరగేసి రెండు మూడేళ్లలో వెళ్లిపోయారు, అందుకు నేను వారిని తప్పుపట్టను. మరో సంగతి: 2021 అక్టోబరులో డిగ్రీ ఉన్నవారికే పెట్టిన 545 ఎస్‌ఐ పోస్టుల పరీక్షను అక్రమాలు బయటపడి మరుసటి ఏడాది రద్దు చేయవలసి వచ్చింది. ఇంగ్లండులో కొత్త కానిస్టేబుళ్లందరూ డిగ్రీ స్థాయి అర్హతతోనే రావాలనో, చేరాక సంపాదించాలనో పద్ధతి తెచ్చి, 2022 నవంబరులో డిగ్రీ లేని దారి కూడా ఉంచాలని వారి హోంమంత్రే చెప్పారు.

నన్నడిగితే డిగ్రీ కంటే ముందు మార్చవలసింది పరీక్ష. ఎస్‌ఐ పరీక్షలో వ్యాసం, సంక్షిప్తీకరణ, అనువాదం రాయిస్తారు. కానిస్టేబుల్ పరీక్షలో జవాబులు గుర్తించడమే తప్ప ఒక్క వాక్యం కూడా రాయించరు. రాయడమే పనిగా బతకవలసినవాడికి రాత పరీక్ష లేకపోవడం నాకు ఎప్పటికీ అంతుపట్టలేదు. ఒక ఘటన చెప్పి ఒక పేజీ రాయించి చూస్తే, పొలం పనుల మధ్య పీయూసీ వరకే చదవగలిగిన మన వైపు ఆడపిల్ల కూడా లోపలికి రాగలదు, రాయలేనివాడు ఏ పట్టా ఉన్నా ఆగిపోతాడు.

కనుక నీవు బీకాం మానకు, ప్రకటన వస్తే దరఖాస్తు మాత్రం తప్పక పెట్టు. ఎంపికైతే పై అధికారుల అనుమతి తీసుకుని మైసూరులోని కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేయవచ్చు. డిగ్రీ ఉంటే పనిచేస్తున్న కానిస్టేబుళ్లకు ఎస్‌ఐ నియామకాల్లో విడిగా పోస్టులుంటాయి, నేను బద్ధకించి పోగొట్టుకున్న అవకాశం అదే. ఎంపిక కాకపోతే నీ డిగ్రీ ఎలాగూ సాగుతూనే ఉంటుంది, నష్టం లేదు.

పరుగు సాధన సంగతి నీకు చెప్పనక్కరలేదు. నీ కన్నడమే నన్ను కలవరపెడుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అన్నట్లు పెరిగిన మన పిల్లలు మాట్లాడినంత బాగా రాయరు, ఠాణా కాగితాలన్నీ కన్నడంలోనే ఉంటాయి. వచ్చే సోమవారం నుంచి బస్‌స్టాండులోనో సంతలోనో నీవు చూసిన ఒక ఘటనను రోజూ ఒక పేజీ కన్నడంలో చేత్తో రాసి, ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. చోటు, వేళ, ఎవరు ఎటు నిలబడ్డారన్నది ఉండాలి. ఎర్ర పెన్నుతో దిద్ది సాయంత్రానికి తిరిగి పంపుతాను.

అమ్మను అడిగినట్లు చెప్పు.

మీ మామయ్య