ఆర్‌వీ అద్దె ఒక్కటే లెక్కేశారు మాస్టారూ!

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. గుంటూరులో ప్రభుత్వ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. పెన్షన్ నెలకు 46 వేలు, ఇంటి ఖర్చు 41 వేలు. సొంత ఇల్లు ఉంది, అప్పుల్లేవు. ఎఫ్‌డీ 4 లక్షలు. అమ్మాయి, అల్లుడు డాలస్‌లో హెచ్‌1బీ మీద ఉన్నారు, ఎనిమిదేళ్ల మనవడు. ఈ ఆగస్టులో మేమిద్దరం, విజయవాడ నుంచి మా వియ్యంకులు కలిసి వెళ్లి నాలుగు నెలలు ఉంటాం. టికెట్లు అల్లుడే తీశాడు. సెప్టెంబరు చివర్లో లాస్‌వెగాస్‌లో ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి మోటార్ హోమ్ బండి, అద్దెకు తీసుకుని జియాన్, బ్రైస్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కులు ఎనిమిది రాత్రులు తిరగాలని ప్లాన్. అద్దె రాత్రికి 200 డాలర్లట. వంట, పడక అందులోనే కాబట్టి హోటల్ ఖర్చు మిగులుతుంది. వియ్యంకుల ముందు బాగోదని ఈ ట్రిప్పు ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. ఎఫ్‌డీ కదపకుండా మా ఆవిడ నగల మీద 3 లక్షలు, క్రెడిట్ కార్డు మీద 2 లక్షలు ఈఎంఐగా తీసుకుందామనుకుంటున్నాను. తక్కువ వడ్డీకి ఎక్కడ దొరుకుతుంది? మా ఆవిడకు బీపీ, షుగర్. మాకు పెన్షనర్ల హెల్త్ కార్డు ఉంది.

జవాబు: మాస్టారూ, వడ్డీ ఎక్కడ తక్కువో చెప్పమన్నారు. చెప్పను. మీరు అప్పు చేయకూడదు కాబట్టి ఆ వివరం మీకు అక్కర్లేదు. పిల్లల దగ్గరికి వెళ్తూ నగలు కుదువ పెడతామంటూ ఈ ఏడాది నాకు వచ్చిన మూడో ఉత్తరం ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అంకెలే చూడండి. నెలకు మిగిలేది 5 వేలు. కార్డు మీద 2 లక్షలను 16 శాతం వడ్డీతో 24 నెలలకు వేస్తే ఈఎంఐ దాదాపు 9,800. మొదటి నెలలోనే 4,800 తక్కువ పడుతుంది. నగల మీద 3 లక్షలకు తొమ్మిదిన్నర శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 28,500, అది వేరే. ఏడాది తిరిగాక అసలు ఎక్కడినుంచి తెస్తారు? తేలేరు. వడ్డీ కట్టి లోన్ తిరగరాయిస్తారు, మరుసటి ఏడాదీ అంతే. బంగారం ధర ఇప్పుడు బాగుంది కాబట్టి బ్యాంకులో అప్పు పుట్టొచ్చు. నగ బరువును బట్టి అప్పు వస్తుంది గానీ, దాన్ని తీర్చాల్సింది మీ పెన్షన్‌లో మిగిలేదే. లెక్కల క్లాసులో ఏ పిల్లాడైనా ఇలాంటి జవాబు రాసుకొస్తే మీరు ఊరుకునేవారా?

ఇక ‘ఎఫ్‌డీ కదపకుండా’ అన్న మాట. ఆ 4 లక్షలు పొదుపని మీరనుకుంటున్నారు. నా దృష్టిలో అది మీ ఇంటి అత్యవసర నిధి, అదీ ఉన్నది అదొక్కటే. ఈఎంఐలో తక్కువపడే 4,800 నెలనెలా ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఎఫ్‌డీ నుంచే. అంటే కదపను అంటూనే రెండేళ్లపాటు కొంచెం కొంచెంగా కొరుక్కుతింటారు, పైగా దానిమీద బ్యాంకు మీకిచ్చే వడ్డీ కంటే చాలా ఎక్కువ వడ్డీ మీరు కడుతూ.

సరే, ఇప్పుడు ఆర్‌వీ సంగతి. రాత్రికి 200 చొప్పున ఎనిమిది రాత్రులకు 1,600 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 1,44,000. మీరు ఇక్కడ ఆగిపోయారు. అసలు ఖర్చు ఇక్కడే మొదలవుతుంది.

ఏడుగురికి సరిపోయే బండి అంటే 30 అడుగులది కావాలి. అద్దెకిచ్చే చాలామంది మైలుకు ఇంత అని విడిగా వసూలు చేస్తారు. 40 సెంట్లు అనుకుందాం. మీ దారి వెయ్యి మైళ్లకు తగ్గదు. జియాన్ నుంచి బ్రైస్‌కు వెళ్లే దగ్గరి దారిలో 1930 నాటి సొరంగం ఉంది, పెద్ద బండ్లకు అక్కడ ఆంక్షలు, చుట్టూ తిరిగి వెళ్లాలి. కాబట్టి మైళ్ల లెక్కన 400 డాలర్లు. ఈ సైజు బండి గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లే ఇస్తుంది. గ్యాలన్ 4 డాలర్లు అనుకుంటే పెట్రోలుకు 450. దుప్పట్లు, గిన్నెలు ఇవ్వడానికి మనిషికి ఇంత అంటారు, ఏడుగురికి 300 వేయండి. బండి ఇన్సూరెన్స్ రోజుకు 30 చొప్పున 240. 2026 జనవరి 1 నుంచి మీరు అనుకున్న మూడు పార్కుల్లోనూ విదేశీ సందర్శకులకు మామూలు టికెట్ కాక తలకు 100 డాలర్లు అదనం, అది వద్దనుకుంటే 250 డాలర్ల వార్షిక పాస్. మీరు నలుగురు పెద్దవాళ్లు, పాసే నయం. రాత్రి బండి ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్లకు రాత్రికి సగటున 60 వేసినా 480. మొత్తం కూడితే 3,720 డాలర్లు, అంటే సుమారు 3 లక్షల 35 వేలు. తిండి, వంట గ్యాస్, జనరేటర్ గంటల చార్జీ, టాక్సులు, డాలస్ నుంచి వెగాస్‌కు ఏడు విమాన టికెట్లు ఇందులో లేవు. బండి తీసుకునే రోజు డిపాజిట్ కింద అల్లుడి కార్డు మీద కొన్ని వందల డాలర్లు బ్లాక్ చేస్తారు, అది ఇంకోటి.

హోటల్ ఖర్చు మిగులుతుందన్నారు కదా. ఆర్‌వీని రోడ్డు పక్కన ఆపి పడుకోవడం అన్నిచోట్లా కుదరదు. రాత్రికో చోటు కావాలి, ఆ చోటులో ఏముందన్న దాన్నిబట్టి ధర. ఫుల్ హుకప్ అంటే కరెంటు, నీళ్లు, మురుగు పైపు మూడూ బండి దగ్గరికే వస్తాయి. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున (సౌత్ రిమ్) ట్రైలర్ విలేజ్‌లో అవి ఉన్నాయి. అక్కడే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో అవేవీ లేవు, దగ్గర్లో డంప్ స్టేషన్, అంటే బండిలోని మురుగు వదిలే చోటు, మాత్రం ఉంది. జియాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో చాలా సైట్లకు కరెంటు ఉంది. బ్రైస్‌లో పార్కు లోపలి రెండు క్యాంప్‌గ్రౌండ్లలోనూ హుకప్పులు లేవు. కరెంటు లేని చోట జనరేటర్ వేసుకుందామంటే రాత్రి పూట కుదరదు, వేళలు పెట్టారు. మాథర్, వాచ్‌మన్ లాంటివి ఆరు నెలల ముందే ఆన్‌లైన్‌లో తెరుస్తారు, మంచి తేదీలు వెంటనే అయిపోతాయి. కాబట్టి మీ సెప్టెంబరు చివరి తేదీలకు మార్చి నెలాఖరుకల్లా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

డంప్ స్టేషన్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను, దీన్ని ఎవరూ ముందే అనుకోరు. బండిలో మూడు ట్యాంకులు ఉంటాయి. మంచినీళ్లది ఒకటి, వంటింటి సింకు, స్నానం నీళ్లది రెండోది, దాన్ని గ్రే అంటారు. మరుగుదొడ్డిది మూడోది, బ్లాక్. గుంటూరులో సెప్టిక్ ట్యాంక్ నిండితే ఫోన్ చేస్తాం, లారీ వస్తుంది, మనం ముక్కు మూసుకుని లోపలికి వెళ్లిపోతాం. అక్కడ ఆ లారీ మనిషి పని మీ అల్లుడే చేయాలి. గ్లోవ్స్ వేసుకుని, పైపు బిగించి, ముందు బ్లాక్ వదలాలి, తర్వాత గ్రే వదిలితే ఆ నీళ్లతో పైపు కడిగినట్టవుతుంది. తిప్పి చేస్తే కంపు. పైగా మనవాళ్లం కాగితంతో సరిపెట్టుకోం, నీళ్లు వాడతాం, పొద్దున్నే తలస్నానాలు. అమెరికన్ కుటుంబానికి వారం వచ్చే ట్యాంకు ఏడుగురు తెలుగువాళ్లకు రెండు మూడు రోజుల్లో నిండుతుంది. కాబట్టి వరసగా రెండు రాత్రులు హుకప్ లేని చోట ఉంటే మూడో రాత్రి ఫుల్ హుకప్ ఉన్న ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగేలా దారి వేసుకోవాలి. అక్కడే స్నానాలు, బట్టలు, ట్యాంకులు ఖాళీ చేయడం, మంచినీళ్లు పట్టుకోవడం అన్నీ కానివ్వండి. మధ్యలో అవసరమైతే హైవే మీద పెద్ద ట్రక్ స్టాపుల్లో చాలాచోట్ల డంప్ స్టేషన్ ఉంటుంది, 10 నుంచి 20 డాలర్లు తీసుకుంటారు. బండి తిరిగి ఇచ్చేరోజు ట్యాంకులు ఖాళీగా లేకపోతే డిపాజిట్‌లో కోస్తారు. నాలుగేళ్ల కిందట మా కుటుంబం అలాగే తొందరలో నిండు ట్యాంకుతో తీసుకెళ్లి అప్పజెప్పింది. వంద డాలర్ల పైన పోయింది, మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. సలహాలిచ్చే నేనే ఒప్పందం పూర్తిగా చదవలేదు.

ఇంతా రాసింది ట్రిప్పు మానమని కాదు. ఇలాంటి బండిలో ఊహించని ఖర్చు వస్తూనే ఉంటుందని చెప్పడానికి. నీడ కోసం బండి పక్కకు చాపే పందిరి గాలికి విరగడం, చెట్టు కొమ్మకు పైకప్పు గీసుకోవడం మామూలు. అద్దె ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పైకప్పు దెబ్బ వర్తించదు. అల్లుడి కారు పాలసీ ఆర్‌వీకి వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోమనండి. క్రెడిట్ కార్డుల ఉచిత రెంటల్ కవర్ చాలావరకు మోటార్ హోమ్‌లకు పనికిరాదు. అప్పు తెచ్చిన డబ్బుతో ఇలాంటి ప్రయాణానికి బయల్దేరితే ఏ చిన్న దెబ్బకైనా మళ్లీ అప్పే దిక్కు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది మాత్రం చివరి లైను. అమ్మగారికి బీపీ, షుగర్, చేతిలో హెల్త్ కార్డు. ఆ కార్డు అమెరికాలో చెల్లదు మాస్టారూ. అక్కడ ఎమర్జెన్సీకి ఒకసారి వెళ్తేనే బిల్లు వేల డాలర్లలో ఉంటుంది, రెండు రోజులు పడకెక్కితే మీ ఎఫ్‌డీ, నగలు కలిపినా చాలకపోవచ్చు. మీరిద్దరూ నాలుగు నెలలకూ, ఆర్‌వీ వారానికి మాత్రమే కాదు, విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. ఒక్కో చికిత్సకు ఇంతే అని పరిమితి పెట్టే చవక పాలసీ వద్దు. కాంప్రిహెన్సివ్ తీసుకోండి, అందులో పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే కవర్ ఉందా, ఎంతవరకు, ఏ వయసు దాకా అన్న లైను చదివాకే డబ్బు కట్టండి. బీపీ, షుగర్ ఉన్న సంగతి దాచొద్దు. మందులు నాలుగు నెలలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో, చేతి సంచిలో. బ్రైస్ కాన్యన్ 8 వేల అడుగుల ఎత్తు, వెళ్లేముందు డాక్టరును ఒకమాట అడగండి. వియ్యంకులకూ ఇదే చెప్పండి.

అమ్మాయి వాళ్ల విషయంలోనూ ఒక మాట. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువే. వాళ్ల దగ్గర ఆరు నెలల ఖర్చు నగదుగా ఉందా అని తండ్రిగా అడగండి. లేకపోతే ఆర్‌వీ వచ్చే ఏడాది తిరగొచ్చు, గ్రాండ్ కాన్యన్ ఎక్కడికీ పోదు. ఈ ప్రశ్న అడగడానికి తెలుగు తల్లిదండ్రులు ఎందుకో మొహమాటపడతారు. జీతమెంత అని మాత్రం ఊరంతా అడుగుతారు.

మిగతా దారులు క్లుప్తంగా. ఆర్‌వీ మూడు రాత్రులకు కుదించి, మిగతా రోజులు వ్యాన్ అద్దెకు తీసుకుని మోటెళ్లలో ఉంటే ఖర్చూ తగ్గుతుంది, ట్యాంకుల గొడవా తగ్గుతుంది. ఇక్కడి క్రెడిట్ కార్డును అక్కడ గీకితే మూడు మూడున్నర శాతం ఫారెక్స్ చార్జీ, జీఎస్టీ పడతాయి. ఫోన్‌లో పది నిమిషాల్లో లోన్ ఇస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి.

పరువు సంగతి మిగిలింది. వియ్యంకుల ముందు మొత్తం నేనే పెట్టుకుంటానని మాటిచ్చారు, అర్థమైంది. ఆ మాట ఇప్పుడే, మార్చిలో బుకింగులకు ముందే, మార్చుకుంటే ఏ ఇబ్బందీ లేదు. అమ్మాయితో ‘మా వంతుగా లక్ష పెడతాను, అందులో ముందు మా ఇద్దరి ఇన్సూరెన్స్, మిగిలింది క్యాంప్‌గ్రౌండ్లకు’ అని చెప్పండి. మూడు కుటుంబాలు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. టికెట్లు తీసిన అల్లుడు అత్తగారి నగలు తాకట్టులో ఉన్నాయని తెలిస్తే సంతోషిస్తాడా? వియ్యంకులకు తెలిస్తే అప్పుడు పరువు ఎలా ఉంటుంది?

ఎఫ్‌డీ మొత్తం ఒకే రసీదుగా ఉంటే గడువు తీరిన రోజు బ్యాంకుకు వెళ్లి ఆటో రెన్యువల్ ఆపించండి. 3 లక్షలు ఒకటి, లక్ష ఒకటి, రెండుగా వేయించండి. 3 లక్షలంటే మీ ఇంటికి ఏడు నెలల ఖర్చు, దాని మీద అమ్మగారి పేరు ఐదర్ ఆర్ సర్వైవర్‌గా (ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా) పెట్టించి మర్చిపోండి. లక్ష రసీదును జులైలో తీసి డాలర్లకు, ఇన్సూరెన్స్‌కు వాడండి. నగలు లాకర్‌లోనే ఉంచి, తాళంచెవి ఎవరి దగ్గరుందో అమెరికా వెళ్లేలోపు అమ్మాయికి చెప్పి ఉంచండి.