అమెరికాలో విడిపోయిన తల్లిదండ్రుల్లో బిడ్డను పన్ను రిటర్నులో తమపై ఆధారపడినవారిగా ఎవరు చూపాలి?

ఫీజులు, బీమా కట్టేది నేనే, కాబట్టి నేనే చూపవచ్చా అని ఒకరు అడిగారు. ఖర్చు ఎవరిదన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఆ ఏడాది బిడ్డ ఎవరి ఇంట్లో ఎక్కువ రాత్రులు గడిపితే హక్కు వారిదే. రాత్రులు సమానమైతే, సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం (మొత్తం ఆదాయంలోంచి కొన్ని మినహాయింపులు తీసేశాక మిగిలేది) ఎక్కువున్నవారిది.

హక్కున్నవారు దాన్ని వదులుకునే ఫారం 8332పై సంతకం చేసి ఇస్తే, రెండోవారు చైల్డ్ టాక్స్ క్రెడిట్ (పిల్లలున్నవారికి పన్నులో తగ్గింపు) తీసుకోవచ్చు. 2025కు అది గరిష్ఠంగా 2,200 డాలర్లు. బిడ్డను నేనే చూపాలని విడాకుల తీర్పులో రాసి ఉంది కదా అంటారు చాలామంది. 2008 తర్వాతి తీర్పులు ఆ ఫారానికి బదులుగా చెల్లవు. సంతకం చేయడానికి భయపడే తల్లులు ఒకటి గమనించాలి: ఆర్జిత ఆదాయ క్రెడిట్ (తక్కువ సంపాదన ఉన్నవారికిచ్చేది), హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదా (ఒంటరిగా ఇల్లు నడిపేవారికి పన్ను తగ్గించేది), డేకేర్ ఖర్చుల క్రెడిట్ ఆ ఫారంతో చేతులు మారవు.

రాత్రుల లెక్క ఎప్పటికప్పుడు రాసి ఉంచుకోండి. ఇద్దరూ బిడ్డను చూపితే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) రుజువులు అడగవచ్చు.