నాందేడ్ వైపు చిన్న కంపనాలు గుంపుగా ఎందుకు వస్తాయి?

భూమి పైపొర విడిపోయి ఉన్న భారీ రాతి ముక్కల్లో ఒకటైన మన పలక అంచుకు ఇంత దూరంలో ఉన్న ధర్మాబాద్, నాందేడ్ ప్రాంతంలో చిన్న కంపనాలు పదేపదే ఎందుకు వస్తున్నాయనీ, ఇవి వస్తే పెద్ద భూకంపం తప్పినట్టేనా అనీ మీరు అడిగారు. 2007 తర్వాత నాందేడ్ నగరంలో ఇలాంటివే వచ్చిన రోజుల్లో నేను అక్కడే ఉన్నాను. ఇల్లు అదరడానికి ముందే నేల అడుగున క్వారీ పేలుడు వంటి చప్పుడు వినిపించేది. కంపనం తక్కువ లోతులో పుట్టినప్పుడు అలా వినిపిస్తుంది.

భారత పలక ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోక, దక్కను నల్లరాతి కిందనున్న పురాతన శిలల దాకా వ్యాపించి, వాటిలోని పాత పగుళ్లను జారడానికి సిద్ధంగా ఉంచుతుంది. అటువంటి పగులులోకి నీరు దిగి లోపలి పీడనం పెరిగితే, రెండు రాతి ముఖాలను అదిమి ఉంచే బలం సడలుతుంది. నీరు మెల్లగా పాకే కొద్దీ ఒక్కో భాగం విడిగా జారుతుంది కనుక, ఒక పెద్ద కంపనం, దాని వెంట తగ్గుతూ వచ్చే అనుకంపనాలు అనే వరుస కనబడదు. ఇంచుమించు ఒకే స్థాయివి వారాలు, నెలల తరబడి వస్తూనే ఉంటాయి. 2018 నవంబరు నుంచి మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా ప్రజలు చూసింది ఇదే. అదే రాష్ట్రంలోని కొయనా ఆనకట్ట దగ్గర మాత్రం జలాశయం నిండిన కొన్నేళ్లకే, 1967 డిసెంబరులో, 6.3 తీవ్రతతో పెద్దదే వచ్చింది. అన్ని గుంపులకూ నీరే కారణమని మాత్రం నేననను.

చిన్నవి వస్తే లోపలి ఒత్తిడి తీరిపోతుందని మా ఇంటి పెద్దలు కూడా ధైర్యం చెప్పేవారు. లెక్క అందుకు ఒప్పుకోదు: తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది కాబట్టి, 6 తీవ్రత గల ఒక్కదానికి 4 తీవ్రత గలవి దాదాపు వెయ్యి కావాలి. మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారిలో 1992లోనే చిన్న కంపనాలు వచ్చాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో దాదాపు పది వేల మంది చనిపోయారు. అయితే చాలా గుంపులు పెద్దది రాకుండానే సద్దుమణుగుతాయి. ఏది ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పే పద్ధతి ఇంతవరకు లేదు.

మీది మట్టితో పేర్చిన రాతిగోడల మీద మట్టి మిద్దె అయితే, ముందుగా మిద్దె మీది మట్టి బరువు తగ్గించి, గోడ మందమంతా పట్టే పొడవాటి రాళ్లను అక్కడక్కడ పెట్టించండి. కిల్లారిలో ఎక్కువ ప్రాణాలు తీసినవి అటువంటి ఇళ్లే.